ఏ కీ నొక్కినా ఆగుతుంది

టైపు మాస్టారికి కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు గానీ అది తప్పు. ఆయన కోపం వేళ్ళ చివర ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషిని పల్లెత్తు మాట అనడు. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపుతాడు. ఆ మనిషి వీధి మలుపు తిరిగాడో లేదో కీబోర్డు ముందు కూర్చుని, అతని బుద్ధి ఎక్కడెక్కడ వంకరగా ఉందో మూడు పేరాల్లో ఏకరువు పెడతాడు. అదీ ఒక్క అక్షరం తప్పు పోకుండా. ముప్పై ఒక్క ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన చేతులు మరి.

పూర్వం ఈ జబ్బుకు మందు వీధిలోనే ఉండేది. ఉత్తరం కవరులో పెట్టాలి, అంటించాలి, పోస్టు డబ్బా దాకా నడవాలి. డబ్బా సరిగ్గా పది నిమిషాల దూరం. ఆ నడకలో సగం కోపం చెమటతో పోయేది. మిగతా సగం ఎవరో పాత విద్యార్థి ఎదురుపడి "నమస్కారం మాస్టారూ" అనడంతో పోయేది. ఉత్తరం జేబులోనే ఇంటికి తిరిగొచ్చేది. చొక్కాలు ఉతికే ముందు ఆయన భార్య, అంటే అత్తయ్య, జేబుల్లోంచి తీసిన అలాంటి కవర్లు ఒక బిస్కెట్ల డబ్బా నిండా ఉన్నాయి.

ఈమెయిలు వచ్చాక ఆ నడక పోయింది. ఒక్క ఏడాదిలో మాస్టారు అపార్ట్‌మెంట్ సెక్రటరీతోను, గ్యాసు కంపెనీతోను, సొంత తమ్ముళ్ళిద్దరితోను, ఒక పళ్ళ డాక్టరుతోను చెడగొట్టుకున్నాడు. పళ్ళ డాక్టరు విషయంలో చిక్కేమిటంటే అప్పటికి వైద్యం సగంలో ఉంది.

అప్పుడు అత్తయ్య మేనకోడలిని పిలిపించింది.

మేనకోడలు లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. లిఫ్టు తలుపు తెరుచుకున్నాక ఎనిమిది సెకన్లు ఆగి మూసుకోవాలి. ఈలోగా ఎవరైనా బటన్ నొక్కితే మూసుకోవడం మానుకోవాలి. ఆమెకు జీతమిచ్చేది ఆ ఒక్క మర్యాద కోసమే అనుకున్నా పెద్ద తప్పు లేదు.

"మీ మావయ్య మెయిలుకి ఆ పోస్టు డబ్బా నడక మళ్ళీ తెచ్చిపెట్టవే," అంది అత్తయ్య. "పంపమని నొక్కాక పది నిమిషాలు ఆగాలి. ఈలోగా మనసు మారితే ఆపుకునే వీలుండాలి. అంతే."

"అంతేనా, రెండు నిమిషాల పని అత్తయ్యా," అంది మేనకోడలు.

ఈ మాట అనని ప్రోగ్రామరు ఇంకా పుట్టలేదు.

మాస్టారు ఎదురు చెప్పలేదు. ఉత్తరం రాసిన మర్నాడు కుమిలిపోవడం ఆయనకూ విసుగెత్తింది. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "ఏది కోపం ఉత్తరమో ఏది మంచి ఉత్తరమో నీ మెషీను నాకు చెప్పకూడదమ్మాయ్. ఆపితే అన్నీ ఆపాలి."

సరేనంది. ఆ మధ్యాహ్నమే రాసి పెట్టింది. అందులో ఆమె చేసిన పొరపాటు చిన్నదే. పది నిమిషాలు నిద్రపో, లేచి ఉత్తరం పంపు, ఆ తర్వాత ఎవరైనా ఏదైనా నొక్కారేమో చూడు. ఇదీ ఆమె రాసిన వరస. నిద్రపోయేవాడికి తలుపు చప్పుడు తెలియాలంటే పక్కన ఇంకొకడు మేలుకుని ఉండాలి. ఆఫీసులో రోజూ రాసే సంగతే. ఇంటి పని కదా అని తొందరలో మరిచింది. ఉత్తరం ఆలస్యంగా వెళ్తోందా లేదా అని చూసింది గానీ మధ్యలో ఆపి చూడలేదు.

ఆ నిద్రమత్తుకు బలైనవాడు రిబ్బను.

రిబ్బను అంటే ఇన్‌స్టిట్యూట్ మెషీన్లు బాగుచేసిన మేస్త్రి. ముప్పై ఒక్క ఏళ్ళు ప్రతి శనివారం వచ్చి, పన్నెండు మెషీన్లకూ నూనె వేసి, జారిపోయిన అక్షరాలను సరిచేసి, మాస్టారితో టీ తాగి వెళ్ళేవాడు. వేళ్ళ మీద మెషీను రిబ్బను సిరా ఎన్ని సబ్బులకూ వదిలేది కాదు. అందుకే ఆ పేరు. అసలు పేరు బ్యాంకువాళ్ళకు తెలిస్తే తెలియాలి. ఇన్‌స్టిట్యూట్ మూసేశాక పన్నెండు మెషీన్లనూ తన దుకాణంలోనే పెట్టుకున్నాడు. శనివారం టీ మాత్రం మాస్టారి ఇంటికి మారింది.

ఒకరోజు మాస్టారు బజారులో వెళ్తూ ఒక ఫోటో స్టూడియో అద్దాల వెనక తన ఏడో నంబరు మెషీను చూశాడు. దాని రోలరులో కాగితానికి బదులు ప్లాస్టిక్ పువ్వు గుచ్చి ఉంది. రిబ్బను ఇచ్చాడట. ఊరికే మూలపడి ఉండేకంటే నలుగురూ చూస్తారని. మాస్టారు ఇంటికొచ్చి రాసిన ఉత్తరంలో ఒక వాక్యం ఇది: "విప్పడం, బిగించడం తప్ప నీకేం తెలుసు? మెషీను విలువ తెలియాలంటే దాని మీద రెండు ముక్కలు కొట్టడం వచ్చి ఉండాలి."

చదువు మూడో తరగతిలో ఆగిపోయిన మనిషికి ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగులుతుంది. ఆ సంగతి మాస్టారికి నాలుగో నిమిషంలోనే తెలిసొచ్చింది. ఆపమని నొక్కాడు. ప్రోగ్రాము ఇంకో ఆరు నిమిషాలు హాయిగా నిద్రపోయింది, లేచింది, ఉత్తరం పంపింది, ఆ తర్వాత వినయంగా "రద్దయింది" అని చూపించింది.

ఆ శనివారం రిబ్బను టీకి రాలేదు. మరుసటి శనివారమూ రాలేదు. కూరగాయల బజారులో అత్తయ్య ఎదురుపడి ఏమైందని అడిగితే, ఫోనులో ఆ ఉత్తరం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

సంగతి తెలిసి మేనకోడలు పరిగెత్తుకొచ్చింది. మాస్టారు ఆమెను తిట్టలేదు. "నీ ప్రోగ్రాముకి మంచి నిద్ర పడుతోందమ్మా, అదృష్టం దానిది," అన్నాడంతే. తిట్టినా బాగుండేది. ఆ పూటే కూర్చుని మొత్తం తిరగరాసింది. ఈసారి పనివాళ్ళు ఇద్దరు. ఒకడు గడియారం చూస్తూ ఉంటాడు, ఇంకొకడు కీబోర్డు దగ్గర కాపలా ఉంటాడు. ఎవడి పని ముందు అయితే వాడు రెండోవాణ్ణి ఇంటికి పంపేస్తాడు.

"ఏ కీ నొక్కితే ఆగుతుంది?" అని అడిగాడు మాస్టారు.

"ఏ కీ నొక్కినా ఆగుతుంది మావయ్యా. వెతుక్కునే పని లేదు."

భయపడ్డ మనిషి వేసే తాళం అలాగే ఉంటుంది. సొంతవాళ్ళను కూడా లోపలికి రానివ్వదు.

ఇది జరిగి మూడు నెలలైంది.

ఈ శనివారం మధ్యాహ్నం మేనకోడలు ఊరికే చూసిపోదామని వచ్చింది. మాస్టారు భోజనాల బల్ల దగ్గర మూతి ముడుచుకుని కూర్చున్నాడు. అత్తయ్య వంటింట్లో టీ పెడుతోంది.

"క్షమించమని రాశానమ్మా వాడికి," అన్నాడు మాస్టారు, వంటింటి వైపు ఒక చూపు చూసి, గొంతు తగ్గించి. "నువ్వు ప్రోగ్రాము బాగుచేసిన మర్నాడే రాశాను. మూడు నెలలు. ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"రిబ్బను బాబాయ్‌కా?"

"ఇంకెవరికి. వాడొక్కడేనా? ఎవరికి రాసినా జవాబు లేదు. లోకంలో మర్యాద అడుగంటిపోయింది."

అత్తయ్య టీ కప్పులతో వచ్చి బల్ల మీద పెట్టింది. "రిబ్బను దుకాణం ఖాళీ చేస్తున్నాడట," అంది ఎవరి వైపూ చూడకుండా. "కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. సాయంత్రం అయిదింటికి తాళంచెవి ఇచ్చేస్తాడట. మెషీన్లు తుక్కువాడికి."

గోడ గడియారంలో నాలుగూ పది.

"వెళ్ళనీ," అన్నాడు మాస్టారు. "నేను ఒక మెట్టు దిగాను. వాడు ఒక మెట్టు ఎక్కి రాలేకపోయాడు." టీ ముట్టుకోలేదు. ఆయన రెండు చేతులూ బల్ల మీదికి వచ్చాయి, వేళ్ళు వంగాయి, చెక్క మీద చిన్నగా టకటక మొదలైంది.

మేనకోడలికి మనసు ఆగలేదు. ఒకవేళ మెయిలు చిరునామా తప్పు కొట్టాడేమో చూద్దామని ముందుగదిలోకి వెళ్ళి, కిటికీ పక్కన ఉన్న ఆయన ల్యాప్‌టాప్ తెరిచింది. ప్రోగ్రాము తను చేసిన ప్రతి పనినీ ఒక ఫైలులో రాసుకునేలా ఆమె పెట్టింది. ఆ ఫైలు తీసింది.

పంపమన్నారు. మూడో సెకనులో రద్దు.

పంపమన్నారు. రెండో సెకనులో రద్దు.

పంపమన్నారు. నాలుగో సెకనులో రద్దు.

అలా నలభై ఒకటి. అన్నిటికంటే ఎక్కువకాలం బతికిన ఉత్తరం పదకొండు సెకన్లు బతికింది. ఆ రోజు ఆయనకు తుమ్ములేమైనా వచ్చాయేమో. మూడు నెలల్లో ఈ ఇంటినుంచి ఒక్క ఉత్తరమూ గడప దాటలేదు.

ఆమె తల పట్టుకుంది. మూడో సెకనులో మనసు మార్చుకునే మనిషి ఎక్కడైనా ఉంటాడా? అదీ నలభై ఒక్కసార్లు? అప్పుడు పక్క గదిలోంచి వస్తున్న టకటక ఆమె చెవిన పడింది. చిన్నప్పట్నుంచీ వింటున్న చప్పుడే. ఎడమచేయి ఏ, ఎస్, డి, ఎఫ్, జి, ఎఫ్. కుడిచేయి సెమికోలన్, ఎల్, కె, జె, హెచ్, జె. టైపులో మొదటి పాఠం. మాస్టారు బస్సు కోసం ఆగినా, అన్నం వడ్డించేదాకా ఆగినా, డాక్టరు పిలిచేదాకా ఆగినా ఆ వేళ్ళు ఆగవు. పంపమని నొక్కి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కిటికీలోంచి వీధి చూస్తూ పది నిమిషాలు గడవడం కోసం కూర్చునే మనిషి చేతులు ఎక్కడుంటాయి? కీబోర్డు మీదే ఉంటాయి. తెర అడుగున చిన్న అక్షరాల్లో "రద్దయింది" అని పడితే జోడు లేని కళ్ళకు ఏం కనిపిస్తుంది?

లిఫ్టు తలుపు దగ్గర చేతులు ఊపుకుంటూ నిలబడే మనుషులు కూడా ఉంటారని ఆమెకు ఆఫీసులో ఎవరూ చెప్పలేదు. చెడ్డ ఉత్తరం ఆగాల్సింది వెళ్ళింది. మంచి ఉత్తరం వెళ్ళాల్సింది ఆగింది. రెండూ తన చేతి చలవే.

వంటింట్లోకి వెళ్ళి చెప్పింది. "అత్తయ్యా, మావయ్య ఉత్తరాలు మూడు నెలలుగా ఒక్కటీ వెళ్ళలేదు."

"తెలుసు," అంది అత్తయ్య, గిన్నె తోముతూ.

"తెలుసా?"

"మొన్న సెక్రటరీ కనిపించి, మాస్టారికి ఒంట్లో బాగుండటం లేదా అని అడిగాడు. ఉత్తరం వచ్చి ఇంతకాలమైతే మనిషికి అనుమానం రాదూ? పళ్ళ డాక్టరు పిలిచి మరీ మిగతా సగం పూర్తిచేశాడు. తమ్ముళ్ళు ఫోన్లు చేస్తున్నారు. బంగారంలాంటి మూడు నెలలే. నోరు విప్పి పాడుచేసుకోమంటావా?"

"అందులో రిబ్బను బాబాయ్‌కి రాసిన క్షమాపణ కూడా ఉంది."

అత్తయ్య చేతిలో గిన్నె సింకులో పడింది. స్టూలు లాక్కుని కూర్చుంది.

"మీ మావయ్య క్షమాపణ రాశారా?" అంది. "నిజంగానా? నాకు ముప్పై నాలుగేళ్ళలో ఒక్కటీ రాయలేదే." నవ్వబోయింది గానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన ప్రశాంతత కోసం తను మూసుకున్న నోరు, ఆయన స్నేహితుణ్ణి ఊరు దాటించబోతోందని ఆమెకు అర్థమైంది. ఏడుపు ఆపుకోలేదు. ఏడ్చి, ముఖం కడుక్కుని, "పద, చెబుదాం," అంది.

చెప్పారు. ముందు మేనకోడలు నీళ్ళు నమిలింది, తర్వాత ఒక్క గుక్కలో చెప్పేసింది. మాస్టారు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. అవి ఇంకా బల్ల మీద ఆడుతూనే ఉన్నాయి. ఆపాడు.

"అంటే వాడికి అందలేదు," అన్నాడు.

"లేదు మావయ్యా."

"మూడు నెలలుగా వాడు నా మాట కోసం చూస్తున్నాడు, నేను వాడి మాట కోసం చూస్తున్నాను." గోడ గడియారం చూశాడు. నాలుగూ ఇరవై రెండు. "వాణ్ణి ఎన్ని తిట్టుకున్నానో."

"ఫోను చేయండి," అంది అత్తయ్య.

"వాడి చెవులు నా మెషీన్ల మోతకే పోయాయి. ఫోనులో ఏం వినిపిస్తుంది వాడికి?"

"పోనీ వెళ్ళండి. పన్నెండు నిమిషాల నడక."

"ఏ ముఖం పెట్టుకుని వెళ్ళమంటావు? కాగితం మీద అన్న మాట కాగితం మీదే వెనక్కి తీసుకోవాలి. అది చదివాక రమ్మంటే వెళ్తాను." లేచి ముందుగదిలోకి నడిచాడు. పట్టిన పట్టు విడిచే మనిషైతే ఆయనకు అసలు ఇన్ని ఉత్తరాలు ఎందుకు.

"ఆగు మావయ్యా, ముందు ప్రోగ్రాము మార్చేస్తాను," అంది మేనకోడలు వెంటబడి. "రెండు నిమిషాల పని."

మాస్టారు ల్యాప్‌టాప్‌కు చేయి అడ్డం పెట్టాడు. "నీ రెండు నిమిషాలు నాకు తెలుసు తల్లీ. మొదటి రెండు నిమిషాల్లో వెళ్ళకూడనిది వెళ్ళింది. రెండో రెండు నిమిషాల తర్వాత ఏదీ వెళ్ళలేదు. మూడోసారి ఇల్లు తగలబడుతుంది. ముట్టుకోకు."

మేనకోడలు చేయి వెనక్కి తీసుకుంది.

పాత ఉత్తరమే మళ్ళీ పంపొచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. కొత్తగా కొట్టాడు. నాలుగు లైన్లే. కిటికీ వైపు చూస్తూ నిమిషానికి అరవై మాటలు కొట్టే మనిషి, ఆ రోజు కీబోర్డు వంక చూసి కొట్టాడు. మేనకోడలు పుట్టి బుద్ధెరిగాక అలా చూడటం అదే మొదటిసారి. మూడో లైను దగ్గర ఆయన చేతులు వణికాయి. పూర్తయ్యాక ఆమెకు చదవమని ఇచ్చాడు.

"నేను వేళ్ళకు కొట్టడం నేర్పాను. అవి కొట్టినప్పుడల్లా అక్షరం పడేలా చేసింది నువ్వు. ఆ రోజు రాసింది తప్పు, రాసినవాడు మూర్ఖుడు. శనివారం టీ చల్లారిపోతోంది." ఇదీ ఉత్తరం.

పంపమని నొక్కాడు. నాలుగూ ముప్పై. తెర అడుగున అంకెలు పది నిమిషాల నుంచి కిందికి దిగడం మొదలెట్టాయి.

మాస్టారు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అర నిమిషం గడిచింది. కుడిచేయి విప్పి ముక్కు గోక్కున్నాడు, మళ్ళీ కట్టుకున్నాడు. నిమిషంన్నర దగ్గర చేతులు తొడల కింద పెట్టుకున్నాడు. రెండున్నర నిమిషాలు పోయాయి. వీధిలో ఎవరో తోపుడుబండి ఆపారు. ఆయన అటు చూశాడు. ఎడమచేయి ఎప్పుడు బయటికొచ్చిందో ఆయనకు తెలియదు, చూస్తున్న ఇద్దరికీ తెలియదు. టక్.

రద్దయింది.

ముగ్గురూ ఆ మాట వంక చూశారు. మేనకోడలికి ఆ ప్రోగ్రాము రాసిన చేతికి వాతపెట్టాలనిపించింది.

"ఈ చేతులతో లాభం లేదు," అన్నాడు మాస్టారు. కోపంగా కాదు, ఓడిపోయినట్టు అన్నాడు. "వేళ్ళు కీల మీంచి తీయొద్దని వేలమందికి నేర్పాను. నాకెవరూ తీయడం నేర్పలేదు."

అత్తయ్య ఇంకో కుర్చీ తెచ్చి ఆయన పక్కన వేసింది. "నొక్కండి మళ్ళీ," అంది. ఆయన నొక్కాడు. నొక్కిన మరుక్షణం ఆమె ఆయన రెండు చేతులూ లాక్కుని, తన ఒళ్ళో పెట్టుకుని, గట్టిగా పట్టుకుంది.

"ఏమిటే ఇది, పిల్ల ముందు."

"పిల్ల గడియారం చూస్తుంది లెండి."

పిల్ల బుద్ధిగా గడియారం చూసింది. నాలుగూ ముప్పై అయిదు. మాస్టారి వేళ్ళు ఊరుకోలేదు. అత్తయ్య అరచేతుల్లోనే మొదటి పాఠం మొదలెట్టాయి. అత్తయ్య ఒకప్పుడు ఆయన విద్యార్థే. టైపు లోయర్ పరీక్షకని చేరి, పరీక్ష తప్పి, మాస్టారిని పెళ్ళి చేసుకుంది. ఆమె ఎడమచేతి చిటికెన వేలికి బలం లేదని, అందుకే 'ఏ' అక్షరం ఎప్పుడూ పాలిపోయి పడేదని ఆయన ఇప్పటికీ అంటాడు.

"జి తర్వాత ఎఫ్ కొట్టారు, సరిగ్గానే ఉంది," అంది అత్తయ్య కళ్ళు మూసుకుని.

"నీకింకా గుర్తుందా?"

"రోజూ అన్నం బల్ల మీద వింటున్నాను. ఎక్కడికి పోతుంది."

ఆరు నిమిషాలు. నాలుగు. రెండు. మాస్టారి వేళ్ళు మెల్లగా నెమ్మదించాయి. చివరి నిమిషంలో పూర్తిగా ఆగిపోయాయి. ఆయన వేళ్ళు నిద్రలో కూడా కదలకుండా ఉండటం మేనకోడలు చూడలేదు. అంకెలు సున్నాకు దిగాయి. "వెళ్ళింది" అని పడింది.

"వెళ్ళింది మావయ్యా."

"ఊఁ," అన్నాడు. చేతులు వెనక్కి తీసుకోలేదు. అత్తయ్య వదల్లేదు.

నాలుగూ నలభై అయిదు. దుకాణం అయిదింటిదాకానే. రిబ్బను ఫోను చూశాడో లేదో తెలియదు. చూసినా ఒక్క వేలితో ఒక్కో అక్షరం వెతికి నొక్కే మనిషి. మాస్టారు కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. నలభై ఏడు. నలభై తొమ్మిది. యాభై మూడుకి ల్యాప్‌టాప్ టింగుమంది. మాస్టారు కళ్ళజోడు వెతుక్కునేలోగా మేనకోడలే చదివింది.

"మూడో లైనులో రెండు తప్పులు. మాస్టారి చేతివేనా? దిద్దిన కాపీ స్వయంగా తెచ్చి ఇవ్వాలి. అందాకా తాళంచెవి ఎవరికీ ఇవ్వను. టీ ఇక్కడ పెడుతున్నాను."

అత్తయ్య గోడకు ఆనుకుని గట్టిగా ఊపిరి వదిలింది. మాస్టారి ముఖం మాత్రం కందగడ్డలా అయింది.

"నాకా? తప్పులా?" అన్నాడు. "ముప్పై ఒక్క ఏళ్ళలో నా కాగితం మీద ఎర్ర గీత పడలేదు. వాడు, వాడు నాకు తప్పులు పడతాడా?"

కూర్చున్నాడు. ఇద్దరూ వారించేలోగా వేళ్ళు పరిగెత్తాయి. వణుకూ గిణుకూ ఏమీ లేదు. కిటికీ వైపు చూస్తూ, ఒక్క చూపు కూడా కిందికి దించకుండా కొట్టాడు. పంపమని నొక్కాడు. లేచి చొక్కా తగిలించుకున్నాడు, తొందరలో గుండీలు ఒక కాజా కిందికి పెట్టుకున్నాడు.

"ఎక్కడికి?" అంది అత్తయ్య.

"ఎక్కడికేమిటి, వాడి దుకాణానికి. తప్పు ఎక్కడుందో నాకు చూపించమను." చెప్పుల్లో కాళ్ళు దూర్చి వీధిలో పడ్డాడు. ముప్పై ఏళ్ళు తగ్గినట్టు నడుస్తున్నాడు. మలుపు దగ్గర ఎవరో నమస్కారం పెడితే చూడను కూడా చూడలేదు.

మేనకోడలు వెళ్ళిన ఉత్తరం తీసి మూడో లైను చూసింది. తప్పులు ఉన్నాయి. ఇందాక కంగారులో గమనించలేదు గానీ సరిగ్గా రెండు. తర్వాత ఇప్పుడు కొట్టిన ఉత్తరం చూసింది. ఒకే వాక్యం. "తప్పులు పట్టేవాడికి ముందు చదవడం రావాలి." ఇందులో ఒక్క తప్పూ లేదు.

కింద అంకెలు దిగుతున్నాయి. తొమ్మిది నిమిషాల రెండు సెకన్లు.

"దుకాణానికి ఎంతసేపు అన్నావు అత్తయ్యా?"

"పన్నెండు నిమిషాలు." అత్తయ్య కూడా ఆ వాక్యం చదివింది. "కోపంలో ఉన్నారు కాబట్టి పదకొండు."

"అంటే ఉత్తరం రెండు నిమిషాలు ముందే చేరుతుంది."

"చేరుతుంది." అత్తయ్య చేతులు తుడుచుకుని వచ్చి మాస్టారి కుర్చీలో కూర్చుంది. వీపు నిటారుగా పెట్టింది. మోచేతులు దగ్గరికి తీసుకుంది. ఎనిమిది వేళ్ళూ మధ్య వరుస మీద, ఆయన నేర్పినట్టే, ఒక్కొక్కటిగా సర్దింది. "ఇందాక నువ్వేదో మార్చేస్తానన్నావు కదూ, ఈ ఏ కీ నొక్కినా ఆగడం."

"అవునత్తయ్యా. రెండు..."

"ముట్టుకున్నావంటే మర్యాదగా ఉండదు."

ఎడమచేతి చిటికెన వేలు ఎత్తి, తొందర లేకుండా, 'ఏ' మీద కొట్టింది. టక్.

"బలం బాగానే ఉంది అత్తయ్యా," అంది మేనకోడలు.

"అప్పుడూ ఉండేది," అంది అత్తయ్య. "ఆయన పక్కన నిలబడి చూస్తుంటే చేయి ఆడేది కాదు."